తోడు దొంగ

రుద్రంగి నుంచి ఇటు కోరుట్లకు పోయినా, అటు వేములవాడ మీదుగా సిరిసిల్లకు పోయినా, గల్ఫు దేశాలలో మనిషి లేని వాడకట్టు కనపడటం కష్టం. దుబాయికో మస్కటుకో పోదలచినవాడు ముందు మెడికల్ పరీక్షకు నిలబడాలి. ఒంట్లో ఏ నలతా లేని పాతికేళ్ళ కుర్రవాడి కాగితం మీద ఒక్కొక్కప్పుడు "అన్‌ఫిట్" అని పడుతుంది. కారణం, హెపటైటిస్ బి. అప్పు తెచ్చి ఏజెంటుకు పోసిన డబ్బు సంగతి అటుంచండి; "నాకు పసిరికలే రాలేదే, ఈ రోగం ఎక్కడిది?" అని అతడు అడిగితే ఇంట్లో జవాబు చెప్పేవారుండరు.

జవాబు ఉన్నది. ఈ వైరస్ కాలేయంలో చేరి ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా కూర్చోగలదు. పురిట్లో తల్లి నుంచి సోకితే నూటికి తొంభైమందిలో అది ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి అయిదుగురిలో కూడా నిలవదు. కనుక కుర్రవాడి నడవడిని గురించి చెవులు కొరుక్కునేవారు కాస్త ఆగటం మంచిది.

ఇది మొదటి దొంగ కథ. రెండోవాడు మరీ చిత్రమైనవాడు. 1977లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో మారియో రిజెట్టో అనే వైద్యుడూ, ఆయన సహచరులూ బి రోగుల కాలేయకణాలలో అంతవరకు ఎవరూ ఎరుగని పదార్థాన్ని కనిపెట్టి, డెల్టా అని పేరు పెట్టారు. అది బి వైరస్‌లో భాగమే అనుకున్నారు మొదట. తీరా చూస్తే వేరే వైరస్! మనుషులకు సోకేవాటిలో ఇంతకంటె చిన్నది లేదు. ఎంత పేదదంటే దీనికి సొంత చొక్కా అయినా లేదు. బి తయారుచేసుకున్న పైపొరను తొడుక్కుంటే తప్ప ఒక కణం నుంచి ఇంకో కణానికి పోలేదు. ఎరువు సొమ్ము బరువు చేటన్నారు గాని, ఇక్కడ చేటంతా రోగికే.

ఇద్దరూ ఒకేసారి జొరబడితే కామెర్లు తీవ్రంగా వచ్చి ప్రాణం మీదికీ రావచ్చు. గండం గడిచిన పెద్దవాళ్ళలో చాలామంది మాత్రం రెండింటినీ వదిలించుకుంటారు. బి ఏనాడో తిష్ఠ వేసిన ఇంట్లోకి డెల్టా తర్వాత దూరితే ఒక పట్టాన పోదు. కాలేయం గట్టిపడటం, కేన్సరు రావటం త్వరపడతాయి. మనదేశంలో డెల్టా తక్కువే. అయినా బి ఉన్న ప్రతివారికీ ఆ పరీక్ష కూడా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సూచించింది.

కలిసి తింటే, తాకితే ఇవి అంటవు. మార్చని సూది, ఒకరిది ఒకరు వాడే బ్లేడు, పచ్చబొట్టు సూది, దాంపత్యం, కాన్పు: ఇవీ దారులు. పసరు మందుకు పేరెట్లా వచ్చిందంటారా? నీళ్ళవల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. ఆ ఘనత పసరు పోసినవాడి ఖాతాలో పడుతుంది.

డెల్టాకు వేరే టీకా లేదు. బి టీకా వేసుకున్నవాడికి అక్కరా లేదు; చొక్కా దొరకని దొంగ గడప దాటలేడు గదా! విదేశాల నుంచి వచ్చే ఆ టీకా ఒకప్పుడు వందల రూపాయలు పలికేది. నెల్లూరు జిల్లాకు చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు వరప్రసాదరెడ్డి 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, 1997లో దానిని యాభై రూపాయలకు అమ్మించారు. 2011 నాటికి దేశమంతటా పిల్లలకు ఉచితమైంది. పుట్టిన ఇరవైనాలుగు గంటలలోపు మొదటి సూది పడాలి.

నేడు పాతికేళ్ళున్న మన కుర్రవాడు పుట్టేనాటికి అది సర్కారు జాబితాలో లేదు. ఇప్పుడు అతనికి టీకా పనిచేయదు. కాలేయం డాక్టరుకు చూపించుకోవాలి. మందు అవసరమైతే 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. అతని అవ్వకు, అన్నదమ్ములకు, భార్యాపిల్లలకు రక్తపరీక్ష చేయించి, రోగం లేనివారికి మూడు సూదులూ వేయించాలి. దుబాయి ప్రయాణం ఆగినా ఈ పని ఆగరాదు.