ఫోన్ వేడెక్కితే తప్పు బ్యాటరీది కాదు, నా #ఇఫ్‌డెఫ్‌ది

విద్యానగర్‌లో మా రూమ్మేట్ పాత ఫోన్‌కి నేనే కస్టమ్ కెర్నల్ బిల్డ్ చేసి ఫ్లాష్ చేశా. బూట్ అయింది, వైఫై వచ్చింది. రాత్రి చార్జింగ్ పెట్టాక చూస్తే వెనక ప్యానెల్ పట్టుకోలేనంత వేడి! వెంటనే చార్జర్ పీకేశాం. బ్యాటరీ పోయిందనుకుని వాడు పొద్దున్నే అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి వెళ్దామన్నాడు.

ఆ మోడల్‌కి రెండు వేరియంట్లు, సోర్స్ కోడ్ మాత్రం ఒకటే. ఫాస్ట్ చార్జింగ్ ఆప్షన్ ఆన్‌లో ఉండి, బోర్డు కూడా పెద్ద వేరియంట్‌ది అయితేనే ఎక్కువ కరెంట్ లాగాలి. నేను రాసింది ఇదీ:

#ఇఫ్‌డెఫ్ ఫాస్ట్_చార్జ్ && బోర్డ్_బి

చూడ్డానికి బాగానే ఉంది కదా? కానీ #ఇఫ్‌డెఫ్ ఒక్క పేరునే చూస్తుంది. మిగతాది పక్కన పడేస్తుంది. జీసీసీ, క్లాంగ్ రెండూ మామూలుగా దీనికి ఎర్రర్ ఇవ్వవు, లైన్ చివర అదనంగా ఏదో ఉందని వార్నింగ్ ఇచ్చి వదిలేస్తాయి. బిల్డ్ అవుతుంటే స్క్రీన్ మీద పరిగెత్తే లైన్లలో దాన్ని నేను చూడనేలేదు. అలా చిన్న వేరియంట్ అయిన మావాడి ఫోన్‌కీ ఎక్కువ కరెంట్ వెళ్లింది.

సరైన పద్ధతి:

#ఇఫ్ డిఫైన్డ్(ఫాస్ట్_చార్జ్) && డిఫైన్డ్(బోర్డ్_బి)

ఏదో ఒకటి చాలంటే ||, ఉండకూడదంటే ముందు ! పెట్టాలి. && తో || కలిపితే బ్రాకెట్లు పెట్టేయండి, బద్ధకం వద్దు.

కొందరు డిఫైన్డ్ తీసేసి #ఇఫ్ ఫాస్ట్_చార్జ్ && బోర్డ్_బి అని రాస్తారు. అది పేరు ఉందా అని కాదు, విలువెంత అని అడగడం. డిఫైన్ చేయని పేరు 0 అయిపోతుంది. డిఫైన్ చేసి విలువ ఖాళీగా వదిలేస్తే మాత్రం ఎర్రర్. స్పెల్లింగ్ తప్పితే ఇక్కడ -డబ్ల్యూఅన్‌డెఫ్ ఆప్షన్ పట్టిస్తుంది. డిఫైన్డ్ లోపల తప్పితే అది కూడా పట్టించదు, మన కళ్లే దిక్కు.

లైనక్స్ కెర్నల్‌లో ఇంకో తిరకాసు ఉంది. ఆప్షన్‌ని మాడ్యూల్‌గా పెడితే దాని పేరు చివర _మాడ్యూల్ చేరుతుంది, మామూలు #ఇఫ్‌డెఫ్‌కి అది కనపడదు. రెండింటినీ కలిపి చూసే ఈజ్_ఎనేబుల్డ్ మాక్రో అందుకే ఉంది. యాప్‌ల సీ కోడ్‌లో అయితే వరస ముఖ్యం: ఆండ్రాయిడ్ మీద __ఆండ్రాయిడ్__ తో పాటు __లైనక్స్__ కూడా డిఫైన్ అయి ఉంటుంది. లైనక్స్‌ని ముందు అడిగితే ఆండ్రాయిడ్ దాకా రానే రాదు.

సీ23లో #ఎలిఫ్‌డెఫ్ కొత్తగా వచ్చింది. అదీ ఒక్క పేరునే తీసుకుంటుంది, ఆశపడకండి.

ఈసారి బిల్డ్ లాగ్‌ని ఫైల్‌లోకి పంపి, వార్నింగ్‌లు వెతికాకే ఫ్లాష్ చేశా. ఫోన్ ఇప్పుడు నెమ్మదిగా, చల్లగా చార్జ్ అవుతోంది. మావాడు మాత్రం పడుకునే ముందు చార్జర్ తీసేస్తున్నాడు.