మెటల్ పాటలో గురువు లఘువు, రాక్ పాటలో త్యాగరాజు: ఆ అరుపుల వెనక ఏముంది?

గోనెగండ్ల నుంచి మళ్లీ మీ ముందుకొచ్చినా. పోయిన ఎపిసోడ్ చూసి ఒక తమ్ముడు అడిగినాడు: "అన్నా, మెటల్ అంటే గొంతు చించుకోవడమే కదా, దాంట్లో అర్థం యాడుంది?" మంచి ప్రశ్న. ఈరోజు మొత్తం దాని మీదే మాట్లాడుకుందాం. పక్కన ఒక పేపరూ పెన్నూ పెట్టుకోండి, మధ్యలో చిన్న లెక్క ఉంది.

ముందు త్వరగా కొంచెం చరిత్ర. ఆల్బమ్ మొత్తాన్ని ఒకే ఆలోచన చుట్టూ కడితే దాన్ని కాన్సెప్ట్ ఆల్బమ్ అంటారు. పింక్ ఫ్లాయిడ్ 1973లో తెచ్చిన 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'లో కాలం, డబ్బు, చావు, మతి చెదరడం, ఇవే విషయాలు. ఐరన్ మెయిడెన్ 1984లో కోల్‌రిడ్జ్ అనే ఇంగ్లీష్ కవి రాసిన ముసలి నావికుడి కథాకావ్యాన్ని పట్టుకుని పదమూడు నిమిషాల పాట చేసింది. మెటాలికా 1988లో చేసిన 'వన్' పాట యుద్ధంలో కాళ్లూ చేతులూ చూపూ వినికిడీ అన్నీ పోయి, మనసు మాత్రం బతికున్న ఒక సైనికుడి గురించి. దాని వెనక కూడా ఒక నవల ఉంది. మాస్టోడాన్ అయితే 2004లో 'మోబీ డిక్' నవల మీద ఏకంగా ఆల్బమే కట్టింది. అంటే ఈ అరిచేవాళ్లు బాగానే పుస్తకాలు చదివినోళ్లప్పా.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన దానికి వస్తా. టూల్ అని అమెరికా బ్యాండ్. 2001లో 'లాటరాలస్' అని ఆల్బమ్ తెచ్చినారు, అదే పేరుతో అందులో తొమ్మిది నిమిషాలు దాటే పాట ఉంది. మొదటి చరణంలో గాయకుడు మేనార్డ్ ఒక్కో విరుపులో ఎన్ని సిలబుల్స్ పలుకుతాడో వేళ్ల మీద లెక్కపెట్టండి. 1, 1, 2, 3, 5, 8. తర్వాత మళ్లీ 5, 3 అని కిందికి దిగుతాడు. ఇది ఫిబోనచ్చి వరుస. ముందున్న రెండు అంకెలు కలిపితే తర్వాతి అంకె వస్తుంది. ఇంకోటి చూడండి, పాటలో ఒకచోట తాళం 9, 8, 7 దెబ్బలుగా మారుతూ తిరుగుతుంది. 987 కూడా ఫిబోనచ్చి అంకెనే!

"సరే అన్నా, అది గిమ్మిక్కు కదా" అంటారు. ఆగండి. ఈ అంకెలకు మన క్లాసులో చెప్పిన ఛందస్సుతో సంబంధం ఉంది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు, గుర్తుంది కదా? ఇప్పుడు పేపర్ తీయండి. ఒక మాత్రను ఎన్ని రకాలుగా నింపొచ్చు? ఒక్కటే, లఘువు. రెండు మాత్రలను? లఘువు లఘువు, లేదా ఒక గురువు. రెండు రకాలు. మూడు మాత్రలకు లలల, గల, లగ, మూడు రకాలు. నాలుగింటికి లలలల, గలల, లగల, లలగ, గగ, మొత్తం ఐదు. ఐదు మాత్రలకు ఎనిమిది. 1, 2, 3, 5, 8. వచ్చేసింది చూడండి!

ఎందుకు వస్తుందంటే, ఏ వరుస అయినా చివర లఘువుతో ముగియాలి, లేకుంటే గురువుతో ముగియాలి. లఘువైతే మిగిలినవి ఒక మాత్ర తక్కువ, గురువైతే రెండు మాత్రలు తక్కువ. ఆ రెండు లెక్కలు కలిపితే జవాబు. కోడింగ్ ఇంటర్వ్యూలో మెట్లు ఒకటొకటిగా, రెండురెండుగా ఎక్కే ప్రశ్న అడుగుతారే, అదే ఇది. ప్రాకృత ఛందస్సు మీద రాసిన విరహాంకుడు, 1150 ప్రాంతంలో హేమచంద్రుడు ఈ లెక్క చెప్పినారు. ఇటలీలో ఫిబోనచ్చి కుందేళ్ల లెక్క రాసింది 1202లో. టూల్ వాళ్లు మన ఛందస్సు చూసి పాట కట్టినారని నేను అనడం లేదు, దీన్ని దయచేసి వాట్సాప్ ఫార్వర్డ్ చేయొద్దండి. నేను చెప్పేది ఏందంటే, ఈ వరుస మాటల లయను లెక్కపెట్టడంలో పుట్టింది, మళ్లీ మాటల లయలోకే వచ్చింది.

ఇంతకీ ఆ పాట ఏం చెప్తుంది? అతిగా విడదీసి ఆలోచిస్తా కూర్చుంటే మనిషి తన ఒంటికీ అనుభవానికీ దూరమవుతాడని. చూడండి తమాషా: అతిగా ఆలోచించొద్దని చెప్పే పాటను అంత లెక్కగా కట్టినారు. కానీ వినేటప్పుడు లెక్క తెలియదు. ఊపిరి తీసుకుని వదిలినట్టు మాట పెరిగి తగ్గుతుంది, అంతే. లెక్క పాటలో కరిగిపోయింది కాబట్టే అది గిమ్మిక్కు కాదంటాను. కొన్ని బ్యాండ్లు ఉంటాయి, నిఘంటువు తెరిచి పెద్ద పెద్ద మాటలు పేర్చి తత్వం అంటాయి. వాటి జోలికి పోను.

ఇప్పుడు తెలుగు సంగతి. బెంగళూరులో అగం అనే బ్యాండ్ ఉంది, 2003లో మొదలైంది. కర్ణాటక సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్‌తో కలుపుతారు. గాయకుడు హరీష్ శివరామకృష్ణన్ మలయాళీ, టెక్ కంపెనీల్లో డిజైన్ పని చేస్తూనే పాడినాడు (నాలాంటోళ్లకు అదొక ధైర్యం). 2017లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ 'ఎ డ్రీమ్ టు రిమెంబర్'లో 'మిస్ట్ ఆఫ్ క్యాప్రికార్న్' అని ఒక పాట ఉంది. పేరు చూసి ఇంగ్లీష్ అనుకునేరు. అది త్యాగరాజు నళినకాంతి రాగంలో చేసిన 'మనవ్యాలకించరాదటే'. పచ్చి తెలుగు!

ఆ కృతిలో త్యాగరాజు తన మనసుతోనే మాట్లాడతాడు. నా మనవి విను, ఉన్న రహస్యమంతా చెప్తానంటాడు. చరణంలో విషయం పెద్దది. కర్మకాండల మోజులో పడి, సంసారమనే అడవిలో తిరుగుతా అల్లాడే జనాన్ని చూసి, రాముడు మనిషిగా పుట్టి ఎలా నడుచుకోవాలో చూపించినాడని దాని భావం. తంతు ముఖ్యమా, నడవడిక ముఖ్యమా అని దాదాపు రెండొందల ఏళ్ల కిందట కావేరి ఒడ్డున కూర్చుని తెలుగులో అడిగిన ప్రశ్న అది. ఇంతకంటే పెద్ద కాన్సెప్ట్ ఏ మెటల్ బ్యాండుకు కావాలి?

దీని మీద గొడవ లేకపోలేదు. కచేరీలు వినే పెద్దోళ్లు డ్రమ్స్ కింద సాహిత్యం నలిగిపోయిందంటారు. నాకు వాళ్ల మాట సగం నిజమే అనిపిస్తుంది. బతిమాలే పల్లవి గిటార్ జోరులో పడితే గద్దించినట్టు వినిపించే ప్రమాదం ఉంది. కానీ చరణంలో ఆ అడవీ, ఆ అల్లాటా చెప్పేచోట ఆ బరువు సరిగ్గా అతుకుతుంది. నాకు బాధ కలిగించేది వేరే. ఈ పాటకు ఊగిపోయే వాళ్లలో చానామందికి తెలుగు రాదు, సబ్‌టైటిల్స్ చూసుకుంటారు. తెలుగు వచ్చిన మనం మాత్రం ఇది మనకు అర్థమయ్యే పాట కాదులే అని దాటేస్తాం.

మన పక్కనే చూడండి. బనగానపల్లె అంటే వీరబ్రహ్మం గారు. ఆయన తత్వాలు, దూదేకుల సిద్దయ్య తత్వాలు మనవైపు ఇప్పటికీ భజనల్లో పాడతారు. శరీరం గురించి, కులం గురించి, చావు గురించి పొడుపుకథల్లా కట్టిన పాటలు. ఒక తంబురా, రెండు తాళాలు, అంతే సరంజామా. సింగపూర్‌లో రుద్ర అనే మెటల్ బ్యాండ్ అద్వైతం మీద మూడు ఆల్బమ్‌ల వరుసే చేసింది, 2005, 2009, 2011లలో. మరి తత్వాలను డిస్టార్షన్ గిటార్‌తో ఎవరైనా గట్టిగా పట్టుకుంటే ఎట్లుంటుందో అని నాకు ఎప్పటినుంచో ఆశ. ఆదోని, ఎమ్మిగనూరు వైపు గిటార్ పట్టిన పిల్లోళ్లు ఉన్నారు, నాకు తెలుసు. మెసేజ్ పెట్టండి, కూర్చుని మాట్లాడుకుందాం.

వినడం ఎట్లా మొదలుపెట్టాలంటే, ముందు 'మనవ్యాలకించరాదటే' మామూలు కచేరీలో వినండి, సాహిత్యం ముందు పెట్టుకుని. తర్వాత అగం వెర్షన్. ఆ తర్వాతే 'లాటరాలస్'. ఫోన్ స్పీకర్‌లో వద్దు, ఆ డ్రమ్స్ దాంట్లో డబ్బా కొట్టినట్టే ఉంటాయి.

ఇంకా పేపర్ మడవొద్దండి. ఆరు మాత్రలకు గురువు లఘువుల వరుసలు ఎన్నో అంకె చెప్తే చాలదు, మొత్తం రాసి ఫోటో పంపండి. వచ్చే వారం చూపిస్తా.