ల్యాబ్‌కి తాళం పడ్డాక సాఫ్ట్‌వేర్ ఎలా?

మలక్‌పేట నుంచి మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ వరకూ మెట్రో లైన్ పొడవునా స్టూడెంట్ హాస్టళ్లే. దాదాపు ప్రతి గదిలో ఒక ల్యాప్‌టాప్ ఉంటుంది. కానీ సివిల్ వాళ్లకి కావాల్సిన రెవిట్, ఈసీఈ వాళ్లకి కావాల్సిన మ్యాట్‌ల్యాబ్ మాత్రం కాలేజీ ల్యాబ్‌లో ఉంటాయి. సాయంత్రానికి ల్యాబ్‌కి తాళం. పొద్దున్నే ప్రాజెక్ట్ రివ్యూ. ఇక ఆ రాత్రి పెన్‌డ్రైవ్‌లో క్రాక్ వెర్షన్ ఒక గది నుంచి ఇంకో గదికి తిరుగుతుంది.

క్రాక్ వేసేముందు యాంటీవైరస్ ఆపెయ్యమంటారు చూశారా? దొంగకి మనమే తలుపు తీసి, కుర్చీ వేసినట్టు!

నిజానికి చాలా వాటికి ఆ అవసరమే లేదు. ఆటోక్యాడ్, రెవిట్ తయారుచేసే ఆటోడెస్క్ అర్హత ఉన్న విద్యార్థులకి ఏడాది పాటు ఫ్రీగా ఇస్తుంది. చదువుతున్నంత కాలం ఏటా రెన్యూ చేసుకోవచ్చు. డబ్బులొచ్చే పనులకి మాత్రం వాడకూడదు. మ్యాట్‌ల్యాబ్ ఆన్‌లైన్ బేసిక్‌లో నెలకి 20 గంటలు ఫ్రీ, అదీ బ్రౌజర్‌లోనే. మెషిన్ లెర్నింగ్ వాళ్లకి గూగుల్ కోలాబ్ ఉండనే ఉంది. ఐఐటీ బాంబేలోని ఫోసీ ప్రాజెక్ట్ సైల్యాబ్, ఈసిమ్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లను ప్రోత్సహిస్తోంది. అదే ఐఐటీలో మొదలైన స్పోకెన్ ట్యుటోరియల్‌లో తెలుగు ఆడియోతో పాఠాలూ ఉన్నాయి. ఒక్క మాట: సైల్యాబ్, మ్యాట్‌ల్యాబ్ అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ, ఒకదాని కోడ్ ఇంకోదాంట్లో మక్కీకి మక్కీ నడవదు.

సరే, సాఫ్ట్‌వేర్ ఫ్రీగా వచ్చింది. ల్యాప్‌టాప్ మొయ్యాలిగా? కొత్త రెవిట్‌కి కనీసం 16 జీబీ ర్యామ్ కావాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 4 జీబీ ల్యాప్‌టాప్‌లో అది తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు, వచ్చాక కూడా తెరుచుకోకపోవచ్చు.

ఇక్కడే రిమోట్ యాక్సెస్ అక్కరకొస్తుంది. సాఫ్ట్‌వేర్ కాలేజీ కంప్యూటర్లోనే నడుస్తుంది. మన దగ్గరికి వచ్చేది దాని స్క్రీన్ బొమ్మ, ఇక్కణ్నుంచి వెళ్లేది మన కీబోర్డు, మౌస్ కదలికలు. అంతే! బరువంతా అవతలి మెషిన్‌దే కాబట్టి పాత ల్యాప్‌టాప్ అయినా చాలు. 2020లో లాక్‌డౌన్ పడ్డప్పుడు విదేశాల్లో చాలా యూనివర్సిటీలు మూతపడ్డ ల్యాబుల్ని ఇలాగే నడిపించాయి. కాకపోతే నెట్ స్పీడ్ కన్నా నిలకడ ముఖ్యం. హాస్టల్ వైఫై మీద అందరూ ఒకేసారి రీల్స్ చూస్తుంటే మౌస్ ఒక చోట, గీత ఇంకో చోట పడుతుంది.

మరి కాలేజీలు ఎందుకివ్వవు? ఖర్చు ఒక్కటే కారణం కాదు. కొన్ని లైసెన్సులు క్యాంపస్ దాటి వాడనివ్వవు. ఫ్లోటింగ్ లైసెన్స్ అయితే 30 సీట్లు కొంటే 30 మందే. 31వ వాడు ఎవరైనా క్లోజ్ చేసేదాకా ఆగాల్సిందే. పైగా రిమోట్ డెస్క్‌టాప్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి వదిలేస్తే హ్యాకర్లకి పండగ. అందుకే మధ్యలో వీపీఎన్ పెట్టి, ఎవరి లాగిన్ వాళ్లకివ్వాలి. ఇది పెద్ద విద్యేం కాదు, ఎవరో ఒకరు పూనుకోవాలి.

కాబట్టి ల్యాబ్ ఇన్‌ఛార్జ్ సార్‌నో మేడమ్‌నో సూటిగా అడగండి: మన లైసెన్స్ హాస్టల్ నుంచి వాడనిస్తుందా? సొంత ల్యాప్‌టాప్‌లో వేసుకోనిస్తుందా? మ్యాట్‌ల్యాబ్‌కి క్యాంపస్ వైడ్ లైసెన్స్ ఉన్న చోట కాలేజీ మెయిల్ ఐడీతో సొంత ల్యాప్‌టాప్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. నెలకి 20 గంటల లెక్కా ఉండదు. కాలేజీ డబ్బు కట్టినా, ఆ సంగతి తెలీక వాడుకోనివాళ్లు ఉంటారు.

రిమోట్‌కి ఒప్పుకుంటే ఇంకో మనిషినీ కలవాలి. ల్యాబ్ అటెండర్ అన్న. ఇంటికెళ్తూ అలవాటుగా మెయిన్ స్విచ్ ఆపేశాడంటే వీపీఎన్ ఉన్నా, లైసెన్స్ ఉన్నా ఆ రాత్రికి ఏదీ కనెక్ట్ కాదు.