అమ్మ గడియారం, తమ్ముడి గడియారం

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. చలికాలం మా ఊరు బోనకల్‌కీ అక్కడికీ పదకొండున్నర గంటల తేడా. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారాలు గంట ముందుకు తిప్పుతారు; నవంబరు మొదటి ఆదివారం దాకా తేడా పదిన్నరే. "గవర్నమెంటు చెప్తే పొద్దు మారుద్దా?" అంటది అమ్మ.

ఆ అరగంట మనదే. మన టైముకి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు. ఆ రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. మేం దానికి పడమర. మా సూర్యుడు సగటున ఓ 9 నిమిషాలు ఆలస్యం. డాలస్‌లో దాదాపు 27. పైగా ఆ కలిపిన గంట! జూన్‌లో రాత్రి ఎనిమిదిన్నరకీ వెలుతురే.

జనవరిలో మిరప కోతకి కూలీలు ఆటో ఎక్కే ఆరింటికి, వాడికి ముందురోజు సాయంత్రం ఆరున్నర. ఇక్కడ రైలు కూతలు, సాగర్ కాలువ గట్టు మీద ముచ్చట్లు. అక్కడ పాల ప్యాకెట్టుకీ కారే. నాకైతే మన గోలే నయం. గడియారమే కాదు, ఏ రోజు ఏ తిథో కూడా అక్కడి సూర్యోదయాన్ని బట్టి లెక్కగడతారు కాబట్టి పండగ తేదీ ఒక్కోసారి మారుతుంది. అందుకే అమ్మ ఫోన్లో ముందు అడిగేది, "ఒరేయ్, మీకు పండగ ఎప్పుడ్రా?"