తరగతి గది ఓడెక్కితే

సికింద్రాబాద్ మధ్యతరగతి ఇళ్లలో విదేశీ చదువు అనగానే అందరికీ తట్టే దారి ఒక్కటే. జీఆర్‌ఈ, ఐ-20, బ్యాంకు లోను, వీసా స్లాటు, శంషాబాద్ నుంచి విమానం. వెళ్లాక ఒకే దేశం, ఒకే ఊరు, ఒకే కోర్సు. డిగ్రీ చదువుతూనే ఒక సెమిస్టరు ఓడలో గడిపి, రేవు రేవునా దిగి చదువుకునే పద్ధతి కూడా ఉందని మనలో చాలామందికి తెలియదు. అమెరికాలో ‘సెమిస్టర్ ఎట్ సీ’ పేరుతో సాగుతున్న ఈ చదువుకు మూలం 1963లో బయలుదేరిన ఓడ. 2016లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ దాని విద్యాబాధ్యత చేపట్టింది. వరల్డ్ ఒడిస్సీ అనే ఓడలో సుమారు వంద రోజులు, పది దేశాల దాకా. చెన్నై, కొచ్చి రేవులకూ ఈ చదువుల ఓడలు వచ్చాయి. మన పిల్లలకు ఇలాంటి చదువు దక్కాలి, అయితే అది అమెరికా ధరకు కాకుండా విశాఖ రేవు నుంచే దక్కాలి అన్నది నా వాదన.

ఇది చదువా, విహారమా అని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. 1926లో న్యూయార్క్ దగ్గరి హోబోకెన్ నుంచి రిండమ్ అనే ఓడలో దాదాపు 500 మంది విద్యార్థులు ప్రపంచయాత్రకు వెళ్లారు. బయలుదేరకముందే న్యూయార్క్ యూనివర్సిటీ తప్పుకుంది. ఆ తర్వాత పత్రికలు చదువును వదిలేసి కుర్రవాళ్ల అల్లరినే రాశాయి. క్రెడిట్లకు పూచీపడే విశ్వవిద్యాలయం లేకపోతే ఏమవుతుందో అక్కడ తేలింది. నేటి పద్ధతి వేరు. ఓడ సముద్రంలో ఉన్న రోజుల్లో వారాంతపు సెలవుల్లేకుండా పాఠాలు జరుగుతాయి. రేవు చేరాక పాఠాలు ఆపి, ఒక్కో సబ్జెక్టు విద్యార్థులను ఆచార్యుడే ఊళ్లోకి తీసుకెళ్తాడు. ఒకరోజు ఒక దేశపు ఆసుపత్రిని, వారం తర్వాత మరో దేశపు ఆసుపత్రిని చూసిన విద్యార్థి రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తాడు. ఒకే క్యాంపస్‌లో రెండేళ్లు ఉన్నా ఆ అవకాశం రాదు.

ప్రమాదం మాటేమిటి? 2005 జనవరిలో ఉత్తర పసిఫిక్‌లో సుమారు 50 అడుగుల అల కొట్టి, సెమిస్టర్ ఎట్ సీ విద్యార్థులున్న ఎక్స్‌ప్లోరర్ ఓడ దెబ్బతింది, కానీ హోనొలులు చేరగలిగింది. ఈ చదువుకు వచ్చిన నలుగురు విద్యార్థుల ప్రాణాలు పోయింది మాత్రం 1996లో, మన దేశంలోనే, ఆగ్రా వెళ్లే రోడ్డు మీద జరిగిన బస్సు ప్రమాదంలో. అంటే సముద్రం కన్నా రేవు దిగాక చేసే ప్రయాణాల మీదే ఎక్కువ కన్నేసి ఉంచాలి.

అసలు అడ్డంకి డబ్బు. ఒక్క సెమిస్టరుకు 30 వేల డాలర్ల దాకా, ఆపైన కూడా అవుతుంది. దానికి తోడు మన పాస్‌పోర్టుతో చాలా దేశాలకు ముందే వీసాలు తెచ్చుకోవాలి. ఆస్తి తాకట్టు పెట్టి లోను తెచ్చే కుటుంబాన్ని ఇందుకు వెళ్లమనడం నాకు ఇష్టం లేదు. అయితే ఓడలో చదువంటే విలాస నౌకే కానక్కర్లేదు. 1950ల తొలినాళ్లలో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, మన విద్యార్థులను నౌకాదళ ఓడల్లో బంగాళాఖాతంలోకి తీసుకెళ్లారు. తీగకు కట్టిన సీసాను డెక్ మీద నుంచి లోతుకు దించాలి, నీరు పట్టాలి, పైకి లాగి వెంటనే ఉష్ణోగ్రత రాసుకోవాలి. ఓడ ఊగుతున్నా అంకె తప్పకూడదు. మన తీరం ఎదుటి సముద్రగర్భ లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అనే పేర్లు లఫాండ్ రాసిన 1964 నాటి వ్యాసంలో ఉన్నాయి. మహదేవన్ ఆ విశ్వవిద్యాలయంలోనే భూగర్భశాస్త్ర ఆచార్యులుగా ఉండేవారు.

సముద్రం లేని ఊరికి ఇదంతా ఎందుకు అనేవారికి జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. హిందూ మహాసముద్ర దేశాలకు సునామీ హెచ్చరికలు పంపే ఇన్‌కాయిస్ పనిచేసేది ఈ నగరం నుంచే. తెరపై అలల అంకెలు చూసే విద్యార్థి ఒక్కసారైనా ఆ అలల మీద ఉండాలి. చరిత్ర విద్యార్థులకైతే కోరంగి రేవు నుంచి బర్మాకు, మారిషస్‌కు పోయిన తెలుగు కూలీల దారే పాఠ్యాంశం. విదేశీ విశ్వవిద్యాలయంతో ట్విన్నింగ్ ఒప్పందం ఉంటే 30 శాతం దాకా క్రెడిట్లు అక్కడ సంపాదించవచ్చని యూజీసీ 2022 నిబంధనలు చెబుతున్నాయి. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాలు కలిసి కొలంబో, యాంగాన్ విశ్వవిద్యాలయాలతో మాట్లాడుకుని, ఏటా మూడు నాలుగు వారాల సముద్ర పాఠం పెట్టవచ్చు. పరిశోధన నౌకల్లో కొన్ని బెర్తులు డిగ్రీ విద్యార్థులకు కేటాయించమని కేంద్రాన్ని అడగవచ్చు. ఖర్చు ప్రభుత్వం భరించి, ప్రభుత్వ కాలేజీల పిల్లలకే మొదటి బెర్తులు ఇవ్వాలి. లేకపోతే ఇదీ డబ్బున్నవాళ్ల విహారమే అయిపోతుంది.