మీకు తెలుసా? సౌండ్ పెంచితే ఖుత్బా (మసీదులో ఇమామ్ ప్రసంగం) ఇంకా చెదురుతుంది

హైదరాబాద్ మక్కా మసీదు ప్రార్థనా మందిరం ఎత్తు సుమారు 23 మీటర్లు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది కాబట్టి, పైకప్పును తాకి కిందికి రావడానికి సెకనులో పదో వంతుకు పైగా పడుతుంది. ఈలోగా ఇమామ్ నోట తర్వాతి అక్షరం వచ్చేస్తుంది, రెండూ కలిసిపోతాయి.

షాబాద్‌లోనైనా చేవెళ్లలోనైనా, స్లాబు వేసి నున్నటి బండలు పరిచిన మసీదు హాలు కూడా శబ్దాన్ని పెద్దగా పీల్చుకోదు, అది తిరిగి వచ్చి మోత అవుతుంది. ఆంప్లిఫయర్ పెంచితే మాటతోపాటు ఆ మోత కూడా అంతే పెరుగుతుంది. కావలసింది స్తంభాలకు నిలువు కాలమ్ స్పీకర్లు బిగించి, తక్కువ సౌండుతో జనం వైపు తిప్పడం. ముందు స్పీకరుకు 20 మీటర్ల వెనకున్నదానికి సుమారు 60 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టాలి. తివాచీ పరవడం మంచిదే, కానీ పలచటి తివాచీ సన్నటి ధ్వనులనే పీలుస్తుంది, బొంగురు మోత మిగిలిపోతుంది. జుమా రోజు హాలు నిండితే మోత తగ్గేది మనుషుల వల్లే. ఒళ్లూ బట్టలూ శబ్దాన్ని బాగా పీల్చుకుంటాయి.