బాకా కింద బూటు

ట్రంపెట్ ఊదే చోట ఉండే లోహపు గిన్నె లోపలి వెడల్పు 16, 17 మిల్లీమీటర్లు. ఆ చిన్న వలయంలో పెదవులు బిగించి గాలి వదిలితేనే స్వరం పుడుతుంది. 440 హెర్ట్జ్ స్వరం పలకాలంటే ఆ పెదవులు సెకనుకు 440 సార్లు అదరాలి. కూర్చుని వాయించేవాళ్లు ఈ ఒక్క పని చూసుకుంటే చాలు. కవాతు బ్యాండులో దీనికి నడక తోడవుతుంది. మడమ నేలను తాకిన ప్రతిసారీ పుట్టే అదురు కాలి ఎముకల గుండా, వెన్ను గుండా తలదాకా ఎక్కుతుంది. మోకాళ్లు, వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు అందులో చాలా భాగాన్ని మింగేస్తాయి. మింగలేక వదిలేసినది పెదవి దగ్గరికి చేరి స్వరాన్ని వణికిస్తుంది. అందుకే కవాతు బ్యాండు బూటును దుస్తుల్లో భాగంగా కాక వాయిద్యంలో భాగంగా చూడాలంటాను. ఆ బూటు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. నడక మారాకే బూటు మారింది, అదీ చాలా ఆలస్యంగా.

బ్యాండు పుట్టిల్లు సైన్యం, బూటు కూడా అక్కణ్నుంచే వచ్చింది. బ్రిటిష్ సిపాయిలు దశాబ్దాల పాటు తొడిగిన అమ్యూనిషన్ బూటుకు కింద మందపాటి తోలు అట్ట, దాని నిండా ఇనుప మేకులు, మడమకు గుర్రపు లాడం లాంటి ఇనుప పట్టీ ఉండేవి. తోలు త్వరగా అరిగిపోకూడదనే ఆ ఏర్పాటు. అయితే దానితో మరో ప్రయోజనం కూడా కలిసొచ్చింది. వందమంది మడమలు ఒకేసారి నేలను కొడితే ఆ చప్పుడే వరుసను కట్టిపడేస్తుంది. అంగకు 30 అంగుళాలు, నిమిషానికి 120 అడుగులు అని మన ఎన్‌సీసీ పిల్లలు నేర్చుకునే లెక్క ఆ సంప్రదాయంలోదే. సిపాయికి ఆ చప్పుడు అవసరం. వాద్యకారుడికి తాళం చూపడానికి డ్రమ్ము ఉంది, కాబట్టి మడమ చప్పుడుతో పని లేదు. పైగా ఆ చప్పుడు పుట్టించే దెబ్బే అతని స్వరాన్ని చెడగొడుతుంది. ఒకే వరుసలో నడిచినా ఈ ఇద్దరి కాళ్ల అవసరాలు వేరు. ఆ సంగతి బూట్లు కుట్టేవాళ్లదాకా చేరడానికి చాలా కాలం పట్టింది.

తేడా బయటపడింది అమెరికా ఫుట్‌బాల్ మైదానంలో. 1907లో పర్డ్యూ విశ్వవిద్యాలయం బ్యాండు వరుసలు విడిచి, మైదానం మీద ఆంగ్ల ‘పి’ అక్షరం ఆకారంలో నిలబడింది. ఆ తర్వాత బొమ్మలు కట్టడం బ్యాండ్ల పని అయింది. ఆ మైదానంలో 5 గజాలకొక గీత ఉంటుంది. సైనికుడి 30 అంగుళాల అంగ వేస్తే గీతకూ గీతకూ మధ్య 6 అంగలు పడతాయి. పాట మాత్రం ఎక్కువగా నాలుగు, ఎనిమిది లెక్కల్లో నడుస్తుంది. అందుకని 5 గజాలకు 8 అంగలు అనే కొలత స్థిరపడింది. అంటే అంగకు 22.5 అంగుళాలు, సుమారు 57 సెంటీమీటర్లు. పాటలో ఎనిమిది లెక్కలు ముగిసేసరికి కాలు సరిగ్గా గీత మీదికి వస్తుంది. చూడముచ్చటైన లెక్క ఇది. కానీ బొమ్మ కట్టాలంటే ముందుకు నడిస్తే చాలదు. జనం వైపు ముఖం ఉంచి పక్కకు జరగాలి, వెనక్కి నడవాలి. సూసాఫోన్ లాంటి భారీ బాకా భుజాన ఉన్నా తప్పదు. ఇంత పని పడ్డ కాళ్లకు చాలాకాలం దొరికింది మాత్రం మామూలు తోలు బూటు, దాని మీద తెల్లటి స్పాట్. స్పాట్ అంటే చీలమండ చుట్టూ చుట్టి, బొత్తాలు పెట్టుకునే గుడ్డ తొడుగు. బురద చిమ్మకుండా పుట్టిన ఆ తొడుగు, పైవరుసలో కూర్చున్నవాళ్లకు కాళ్ల కదలిక కనబడేందుకు పనికొచ్చింది. పై భాగం చూసేవాళ్ల కోసం తయారైంది కానీ, తడిసిన గడ్డి మీద జారే కింది అట్ట గురించి ఆలోచించినవాళ్లు తక్కువ.

1972లో బాకా, డ్రమ్ము కవాతు బృందాలకు డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పోటీలు మొదలయ్యాక తూకంగా జారే నడక బడి బ్యాండ్లకు కూడా బాగా పాకింది. ఇందులో మడమ మెత్తగా ఆనుతుంది, కాలివేళ్లు పైకి లేచి ఉంటాయి. అక్కణ్నుంచి పాదం కొంచెం కొంచెంగా నేల మీదికి ఒరుగుతూ ముంగాలిదాకా దొర్లుతుంది. మామూలు నడకలో మన ఒళ్లు అడుగడుగుకూ నాలుగైదు సెంటీమీటర్లు లేచి దిగుతుంది. ఈ నడక ఆ లేచిపడటాన్ని, దాంతోపాటు దెబ్బనూ తగ్గించాలని చూస్తుంది. పాదం చక్రంలా దొర్లితే నడక ఎంత సాఫీగా సాగుతుందో 1990లో కెనడాలో టాడ్ మెక్‌గీర్ అనే ఇంజనీరు ఒక యంత్రంతో చూపించాడు. మోటారు లేని ఆ నడిచే యంత్రానికి పాదాలు వంపు తిరిగిన ముక్కలు. కొద్దిపాటి వాలు దొరికితే చాలు, తనంతట తానే నడిచేది. బ్యాండు బూట్లు చేసేవాళ్లు అప్పటికే, 1980లలో, అనుభవం మీద అదే దారి పట్టారు. మడమ వెనక అంచును గుండ్రంగా తీశారు. అట్టకూ మడమకూ మధ్య మెట్టు లేకుండా ఒకే ముక్కగా పోశారు. వేళ్ల దగ్గర సులువుగా వంగేలా చేశారు. పరుగు బూట్లలోకి 1970లలో వచ్చిన ఈవీఏ నురుగును పలచగా వాడారు. మన ఇళ్లలో తొడిగే తేలికపాటి స్లిప్పర్లు చాలావాటిలో ఇప్పుడు ఉండేది అదే పదార్థం. వీటిలో బాగా పేరుకెక్కిన ‘డింకిల్స్’కు ఆ పేరు ఒక కామిక్ స్ట్రిప్‌లోని బ్యాండు మాస్టారు హ్యారీ డింకిల్ నుంచి వచ్చింది.

మెత్తదనమే కావాలంటే మంచి పరుగు బూటు కొనుక్కోవచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ పరుగు బూటు రెండుమూడు రెట్ల ఒంటి బరువును కాచుకోవాలి. అందుకే దాని నురుగు మందం. చాలావాటిలో మడమ ముంగాలికంటే సెంటీమీటరు దాకా ఎత్తుగా ఉండి, వెనక్కి వెడల్పుగా పొడుచుకొస్తుంది. వెనక్కి నడిచేటప్పుడు బ్యాండువాళ్లు మడమలు కాస్త ఎత్తి ముంగాళ్ల మీద సాగుతారు. పొడుచుకొచ్చిన ఆ మడమ గడ్డిని పట్టుకుందంటే మనిషి, బాకా కలిసి కింద పడాల్సిందే. మందపు నురుగు మీద నేల ఎక్కడుందో పాదానికి సరిగా తెలియదు కూడా. ఇక రెండో అభ్యంతరం: అంతా సాధనలో ఉంది, బూటులో ఏముంది? మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండుమేళంవాళ్లు చెప్పులతోనే అపస్వరం పలక్కుండా వాయిస్తారు కదా? నిజమే. అయితే ఊరేగింపు నాలుగడుగులు వేసి ఆగుతుంది, అంగకు కొలత లేదు, వెనకడుగు లేదు. ఆ నడకకు చెప్పు సరిపోయింది. ఫ్లోరిడా ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో 1946లో విలియం ఫాస్టర్ రూపుదిద్దిన బ్యాండు తొడలు ఎత్తి వేసే అడుగుకు ప్రసిద్ధి. అక్కడ కాలు ముందు వేళ్ల మీద దిగుతుంది, కాబట్టి గుండ్రటి మడమ కంటే గట్టి చీలమండ పట్టు, ముంగాలి కింద మెత్తదనం ముఖ్యం. ఈ ఉదాహరణలు నా వాదనను కొట్టేయవు, బలపరుస్తాయి. సాధన నడకను తయారుచేస్తుంది, బూటు దానికి అడ్డు రాకుండా ఉండాలి.

కొనేటప్పుడు నిగనిగను పక్కన పెట్టి బూటును చేతిలోకి తీసుకుని వంచి చూడాలి. కాలివేళ్ల మొదలు ఉండే చోటే అది వంగాలి. మధ్యలో, పాదం గుంట దగ్గర వంగితే ఆ బూటు వద్దు. మడమను బల్ల మీద ఆనించి ముందుకు ఒరిగిస్తే కుదుపు లేకుండా దొర్లాలి. సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి, అందుకని ఆ పూటే, కవాతులో వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడటం మంచిది. అమెరికా బడి బ్యాండ్లలో వాయించే పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకు ఇక్కడొక మాట ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లలు ఎదుగుతారు, వచ్చే ఏడాదికీ పనికొస్తుందని ఒక సైజు పెద్దది కొనడం మన ఇళ్లలో పాత అలవాటు. బడి బూటుకు అది చెల్లుతుంది. ఈ బూటు మాత్రం వదులైతే లోపల మడమ ఎగిరెగిరి పడుతుంది, వంగాల్సిన చోటు వేళ్ల ముందుకు జరిగిపోతుంది, వెనకడుగులో మొన నేలకు తట్టుకుంటుంది. వచ్చే ఏడాది కొత్త జత కొనాల్సి వచ్చినా సరే, ఈ ఏడాది పాదానికి సరిపోయేదే తీసుకోండి.